టైఫాయిడ్: మొదటి మాత్రకు ముందే రక్తం తీయాలి

జ్వరం మొదలై నాలుగైదు రోజులైంది. సాయంత్రానికి 103, 104 దాకా పోతోంది, పొద్దునకు కాస్త దిగుతోంది. తలనొప్పి, నాలుక మీద తెల్లటి పూత, కడుపులో బరువు, తిండి సహించదు. ఈ దశలో మన ఊళ్ళలో జరిగే తంతు అందరికీ తెలిసిందే. వీధి చివరి ల్యాబులో విడాల్ పరీక్ష, ‘టైఫాయిడ్ పాజిటివ్’ అని ఒక కాగితం, ఒక సెలైన్, ఒక యాంటీబయాటిక్. రెండు రోజుల్లో జ్వరం దిగకపోతే ఇంకో యాంటీబయాటిక్. ఆ తర్వాత ఇంజెక్షన్లు. అప్పటికి ఇది నిజంగా టైఫాయిడేనా, అయితే ఏ మందుకు లొంగుతుంది అని తేల్చుకునే దారి దాదాపు మూసుకుపోతుంది.

ఆ దారి మూసుకుపోకుండా ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాం. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళకీ, చిన్న నర్సింగ్ హోముల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే నర్సులకీ, ల్యాబ్ టెక్నీషియన్లకీ పనికొచ్చేలా రాశాం. మందు రాయాల్సింది డాక్టరే. ఇక్కడిచ్చిన మోతాదులు చీటీలో ఉన్నదాన్ని సరిచూసుకోవడానికి, అనుమానం వస్తే అడగడానికి.

ఎందుకింత పట్టుదల

టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా టైఫి అనే బ్యాక్టీరియా. పారాటైఫి-ఎ అనే రకం కూడా అచ్చం అలాంటి జ్వరమే తెస్తుంది. 1948లో క్లోరాంఫెనికాల్ వాడకం మొదలయ్యాక ఈ జ్వరంతో చనిపోయేవాళ్ళు బాగా తగ్గారు. 1972లో కేరళలోని కోళిక్కోడ్‌లోనూ, అటు మెక్సికోలోనూ ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. 1990ల మొదటికల్లా క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటికీ ఒకేసారి లొంగని రకం మన దేశంలో పాతుకుపోయింది. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ ఆదుకుంది. దాన్ని విరేచనాలకీ మూత్రంలో మంటకీ చీటీ లేకుండానే అమ్మి, కొని, మింగి పోగొట్టుకున్నాం. ఇవాళ మన దేశంలో కల్చర్‌లో (రక్తం లాంటి నమూనా నుంచి బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) దొరికే టైఫిలో అత్యధిక భాగానికి సిప్రో, ఓఫ్లాక్సాసిన్ సరిగా పనిచేయవు.

ఇంతకంటే గట్టి హెచ్చరిక 2016 చివర్లో వచ్చింది. పాకిస్తాన్‌లోని సింధ్‌లో హైదరాబాదు అనే నగరం ఉంది. అక్కడ మొదలైన టైఫాయిడ్ పై మందులన్నిటితో పాటు సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు. ఆ జన్యువులు దానికి ఇ.కోలై లాంటి పేగు బ్యాక్టీరియా నుంచి ఒక ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాల మధ్య చేతులు మారే చిన్న డి.ఎన్.ఏ. చుట్ట) ద్వారా చేరాయి. చివరికి మిగిలినవి అజిత్రోమైసిన్, మెరోపెనెమ్ జాతి ఇంజెక్షన్లు. మన దగ్గర సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ ఇప్పటికీ చాలావరకు పనిచేస్తున్నాయి. కానీ అజిత్రోకు లొంగని టైఫి బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్‌తో పాటు భారత్‌లోనూ బయటపడింది. ఏ రోగిలో ఏ రకం ఉందో రక్తం కల్చర్ ఒక్కటే చెప్పగలదు.

విడాల్ కాగితం ఎంతవరకు నమ్మాలి

విడాల్ 1896 నాటి పరీక్ష. అది రక్తంలో బ్యాక్టీరియాను వెతకదు. దాని మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను చూస్తుంది. అవి తగినంత పెరగడానికి వారం పైన పడుతుంది. కాబట్టి మూడో రోజున నెగెటివ్ వస్తే టైఫాయిడ్ కాదని అనుకోవడానికి లేదు. పాజిటివ్ వచ్చినా అంతే సంగతి. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మన ప్రాంతంలో ఆరోగ్యంగా తిరిగేవాళ్ళలో కూడా 1:80 లాంటి అంకెలు (రక్తద్రవాన్ని 80 రెట్లు పలచన చేసినా పాజిటివ్ రావడం) కనిపిస్తాయి. పాత టైఫాయిడ్, వేరే సాల్మొనెల్లాలు, మలేరియా కూడా ఈ పరీక్షను పాజిటివ్ చేయగలవు. దాన్ని సరిగ్గా వాడాలంటే పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు, అంటే 1:80 నుంచి 1:320కి పెరిగిందా అని చూడాలి. అప్పటికి రోగి కోలుకుని ఉంటాడు, లేదా ఐసీయూలో ఉంటాడు. గాజు పలక మీద ఒక చుక్క వేసి రెండు నిమిషాల్లో చెప్పే పద్ధతి గొట్టాల పద్ధతి కంటే మరీ తక్కువ నమ్మదగినది. టైఫిడాట్ లాంటి కార్డు పరీక్షలు కూడా కల్చర్‌కు బదులు కావు.

జ్వరం తగ్గిన నెలకు ‘ఇంకా ఉందేమో’ అని విడాల్ మళ్ళీ చేయించడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. పాజిటివ్ వస్తుంది, ఇంకో వారం అనవసరంగా యాంటీబయాటిక్ పడుతుంది. ‘ఏడాదికి మూడుసార్లు టైఫాయిడ్ వచ్చింది’ అని చెప్పేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

విడాల్ కంటే సి.బి.పి. (రక్తకణాల లెక్క) ఎక్కువ ఆచూకీ ఇస్తుంది. టైఫాయిడ్‌లో తెల్లకణాలు మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటాయి, ఈసినోఫిల్స్ తరచు సున్నాకు పడిపోతాయి, కాలేయం పరీక్షలో చూసే ఎస్.జి.పి.టి. రెండు మూడు రెట్లు పెరగొచ్చు. అదే రోజు మలేరియా పరీక్ష తప్పక చేయించాలి. మొదటి అయిదు రోజుల్లో అయితే డెంగ్యూకి ఎన్.ఎస్.1 పరీక్ష కూడా. ఇంకొకటి చాలామంది మరిచిపోయేది స్క్రబ్ టైఫస్, చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ బట్టలు తొలగించి చూడండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే దారి వేరు. దానికి డాక్సీసైక్లిన్ కావాలి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ దాని మీద పనిచేయవు.

రక్తం తీయడం

టైఫాయిడ్ రోగి రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉంటుంది. మిల్లీలీటరుకు ఒకటి, అంతకంటే తక్కువ కూడా. రెండు మి.లీ. తీసి కల్చర్ పెడితే ఆ రెండు మి.లీ.లో ఒక్కటి కూడా లేకపోవచ్చు. అందుకే కల్చర్ బాగా చేసినా పదిమంది నిజమైన రోగుల్లో అయిదారుగురికే పాజిటివ్ వస్తుంది. తక్కువ రక్తం తీస్తే అదీ రాదు. ఎన్ని మి.లీ. తీశారన్నదే ఇక్కడ అన్నిటికంటే పెద్ద విషయం.

పెద్దవాళ్ళకు ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ. రెండు చేతుల నుంచి రెండు సీసాలు తీస్తే మంచిది. డబ్బు ఇబ్బంది ఉంటే ఒక్క సీసా అయినా నిండు కొలతతో తీయండి. చిన్నపిల్లలకు పిల్లల సీసాలోనే 1 నుంచి 3 మి.లీ. రక్తం కంటే సీసాలోని ద్రవం అయిదు నుంచి పది రెట్లు ఉండాలి. లేకపోతే రక్తంలో సహజంగా ఉండే రక్షణ పదార్థాలు పలచబడక బ్యాక్టీరియాను ఎదగనివ్వవు. పెద్దల సీసాలో పసివాడి ఒక్క మి.లీ. వేయడం, పిల్లల సీసాలో పది మి.లీ. కుక్కడం, రెండూ తప్పే.

1. సీసా గడువు తేదీ చూడండి. ద్రవం మసకగా ఉంటే పక్కన పెట్టండి. సీసా పక్కనున్న గీతలను బట్టి రక్తం ఎక్కడిదాకా రావాలో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి చూసుకోకపోతే ఎక్కువ లాగేసుకుంటుంది.

2. సీసా ప్లాస్టిక్ మూత తీసి, కింది రబ్బరును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. మూత ఉంది కాబట్టి శుభ్రంగానే ఉంటుందనుకోవద్దు. రబ్బరు మీద అయోడిన్ రాయొద్దు.

3. టోర్నికెట్ కట్టి నరం ఎక్కడుందో ముందే తడిమి చూసుకుని, విప్పేయండి. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకోండి.

4. చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, మరో 30 సెకన్లు ఆరనివ్వండి. అది లేకపోతే ముందు ఆల్కహాల్, తర్వాత పోవిడోన్ అయోడిన్. అయోడిన్ అయితే ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఆగాల్సిందే. ఊదకండి, విసరకండి, దూదితో తుడిచేయకండి. ఆరడానికి పట్టే సమయంలోనే అది పనిచేస్తుంది.

5. శుభ్రం చేశాక నరాన్ని మళ్ళీ వేలితో తడమొద్దు. తడమక తప్పదంటే స్టెరైల్ గ్లవ్స్ వేసుకోండి. కల్చర్లు పాడవడానికి మొదటి కారణం ఆ వేలే.

6. రక్తం తీసి ముందు కల్చర్ సీసాలోకే ఎక్కించండి. ఆ తర్వాతే సి.బి.పి. గొట్టం, మిగతావి. మధ్యలో సూది మార్చాల్సిన పనిలేదు. మారిస్తే చేతికి గుచ్చుకునే ప్రమాదం పెరుగుతుంది. సి.బి.పి. గొట్టంలోది మిగిలింది కదా అని సీసాలో పోయడం అసలు పనికిరాదు.

7. సీసాను నాలుగైదుసార్లు మెల్లగా తిప్పండి, ఊపొద్దు. పేరు, వయసు, తేదీ, రక్తం తీసిన సమయం, ఏ చెయ్యి అన్నది రాయండి. లేబుల్ అంటించేటప్పుడు బార్‌కోడ్ మీద పడకుండా చూడండి. యంత్రం దాన్నే చదువుతుంది.

సెలైన్ కోసం నిన్న పెట్టిన క్యాన్యులా నుంచి కల్చర్‌కు రక్తం తీయొద్దు. అందులో చర్మం మీది బ్యాక్టీరియా చేరి ఉంటుంది. జ్వరం 104కి చేరేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. టైఫాయిడ్‌లో ఎప్పుడు తీసినా ఒకటే, మందు పడకముందు తీయడమే ముఖ్యం.

ఇప్పటికే మందు పడి ఉంటే? అయినా తీయొచ్చు. తర్వాతి మోతాదుకు కాస్త ముందు తీయండి. ఏ మందు, ఎన్ని మోతాదులు వేశారో ల్యాబ్ కాగితం మీద రాయండి. యాంటీబయాటిక్‌ను పీల్చుకునే రెసిన్ గుళికలున్న సీసా ఉంటే అదే అడగండి. పెద్ద ఆసుపత్రిలో ఉండి, రోజుల తరబడి మందులు వాడినా తేలని జ్వరమైతే ఎముక మూలుగ కల్చర్ ఉంది. రక్తం కల్చర్ కంటే ఎక్కువగా దొరుకుతుంది, మందు పడ్డాక కూడా దొరుకుతుంది. నొప్పి ఎక్కువ కాబట్టి అందరికీ చేయరు.

రోగి మగతలో ఉన్నా, బీపీ పడిపోతున్నా కల్చర్ దొరకలేదని మందు ఆపకూడదు. ముందు చికిత్స.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. మిగతా రక్తం గొట్టాలతో పాటే ఐస్ డబ్బాలో సర్దేస్తారు. కల్చర్ సీసా గది వేడిలోనే ఉండాలి. రెండు గంటల్లో ల్యాబుకు చేరితే మంచిది, నాలుగు గంటలు దాటనివ్వొద్దు. మే నెల మధ్యాహ్నం బైకు డిక్కీలో పెట్టి తిప్పినా పాడవుతుంది. శనివారం సాయంత్రం తీసే ముందు ల్యాబుకు ఫోన్ చేసి ఆదివారం సీసా యంత్రంలో పెట్టేవాళ్ళు ఉన్నారో లేదో కనుక్కోండి.

ల్యాబులో ఏం జరుగుతుంది, ఎన్ని రోజులు

యంత్రం సీసాను 35, 36 డిగ్రీల సెంటిగ్రేడ్‌లో ఉంచి, బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కనిపెడుతుంది. టైఫి చాలావరకు ఒకటి రెండు రోజుల్లో, కొన్నిసార్లు మూడో రోజున బయటపడుతుంది. పాజిటివ్ రాగానే గ్రామ్ అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ రోజే ‘గ్రామ్ నెగెటివ్ బాసిల్లై’ (టైఫి కూడా ఈ జాతిదే) అని ఫోన్‌లో చెప్పగలరు. పేరు, మందుల పట్టిక రావడానికి ఇంకో ఒకటి రెండు రోజులు. అయిదు రోజులు చూసినా ఏమీ రాకపోతే నెగెటివ్ అంటారు. 48 గంటలకు ఇచ్చే ‘నో గ్రోత్’ తుది మాట కాదు. తుది నెగెటివ్ కూడా టైఫాయిడ్ లేదని ఖాయం చేయదు. లక్షణాలు బలంగా ఉంటే డాక్టరు చికిత్స కొనసాగిస్తారు.

ఏ మందుకు లొంగుతుందో తేల్చే సెన్సిటివిటీ పరీక్షను చేత్తో చేసే చిన్న ల్యాబుల్లో తప్పులు దొర్లేది ఎక్కువగా మూడు చోట్ల. బ్యాక్టీరియాను పరిచి మందు బిళ్ళలు పెట్టే ముల్లర్ హింటన్ అగర్ (జెల్లీ లాంటి పోషక పదార్థం) 4 మి.మీ. మందం ఉండాలి. పలచగా పోస్తే బిళ్ళల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు పెద్దవిగా వచ్చి, లొంగని బ్యాక్టీరియా కూడా లొంగినట్టు కనిపిస్తుంది. బ్యాక్టీరియా ద్రావణాన్ని 0.5 మెక్‌ఫార్లండ్ అనే ప్రామాణిక చిక్కదనానికి కొలవకుండా కంటి అంచనాతో కలిపితే వలయాలు అటూ ఇటూ పోతాయి. మందు బిళ్ళల సీసాను ఫ్రిజ్ నుంచి తీయగానే తెరిస్తే తేమ చేరి బిళ్ళలు బలం కోల్పోతాయి. గది వేడికి వచ్చాకే తెరవాలి. ఏ.టి.సి.సి. 25922 అనే ప్రామాణిక ఇ.కోలైతో సరిచూసుకునే పని వారానికొకసారైనా జరగని చోట పట్టికలో ఎస్, ఆర్ అక్షరాలకు విలువ లేదు.

రిపోర్టు చదవడం

ముందు బ్యాక్టీరియా పేరు చూడండి. సాల్మొనెల్లా టైఫి లేదా పారాటైఫి-ఎ అని ఉంటే రోగనిర్ధారణ అయిపోయినట్టే. ‘కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టఫైలోకాకస్’, ‘డిఫ్తీరాయిడ్స్’ అని ఒక్క సీసాలో వస్తే అది ఎక్కువసార్లు చర్మం మీదిది. దానికి వాంకోమైసిన్ మొదలెట్టేముందు రెండో సీసాలో ఏముందో అడగాలి.

తర్వాత పట్టిక. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ అంటే మధ్యలో. మామూలుగా ఎస్ ఉన్నవాటిలో చవకది చూసి వాడేస్తారు. టైఫి విషయంలో అలా కుదరదు.

జెంటామైసిన్, అమికాసిన్, సెఫాలెక్సిన్, సెఫ్యూరాక్సిమ్ ఎదురుగా ఎస్ ఉన్నా పట్టించుకోవద్దు. టైఫి మన కణాల లోపల దాక్కుంటుంది, ఈ మందులు గాజు పళ్ళెంలో దాన్ని చంపినా రోగిలో పనిచేయవు. మంచి ల్యాబు వీటిని టైఫి రిపోర్టులో ఎస్ అని ఇవ్వనే ఇవ్వదు. ఇచ్చిందంటే మిగతా పట్టికను కూడా కాస్త అనుమానంగానే చూడాలి.

సిప్రోఫ్లాక్సాసిన్ దగ్గర అంకె అడగండి. 5 మైక్రోగ్రాముల బిళ్ళ చుట్టూ వలయం 31 మి.మీ. లేదా అంతకంటే పెద్దదైతేనే ఎస్. 21 నుంచి 30 దాకా ఐ. 20, అంతకు తక్కువైతే ఆర్. ఎం.ఐ.సి. (బ్యాక్టీరియాను పెరగకుండా ఆపే కనీస మందు కొలత) ఇస్తే 0.06 వరకే ఎస్. 2012కు ముందు ప్రమాణం ప్రకారం 21 వస్తే చాలు ఎస్ అనేవాళ్ళు. గోడ మీద ఆ పాత చార్టే వేలాడుతున్న ల్యాబులో ‘సిప్రో ఎస్’ అని వస్తుంది, రోగికి వారం వాడినా జ్వరం దిగదు. సిప్రో జాతికే చెందిన నాలిడిక్సిక్ యాసిడ్ ఆర్ అని ఉన్నా, పెఫ్లాక్సాసిన్ ఆర్ అని ఉన్నా సిప్రో, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అన్నీ పక్కన పెట్టాల్సిందే. ఐ కూడా ఇక్కడ ఆర్ కిందే లెక్క.

అజిత్రోమైసిన్‌కు 13 మి.మీ. నుంచి ఎస్, ఎం.ఐ.సి. అయితే 16 వరకు. వలయం అంచు మసకగా ఉండటం వల్ల ఇద్దరు చూస్తే రెండు కొలతలు వస్తాయి. 12, 13 దగ్గర ఉంటే మళ్ళీ చేయించమని అడగొచ్చు. సెఫ్ట్రియాక్సోన్‌కు 23 మి.మీ. నుంచి ఎస్. ఇది ఆర్ అని వస్తే తేలిగ్గా వదలొద్దు. ల్యాబు పరీక్షను మళ్ళీ చేసి, ఆ బ్యాక్టీరియాను దాచిపెట్టి, మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగానికి పంపాలి. రోగి ఇటీవల ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చాడో రాయాలి.

ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, క్లోరాంఫెనికాల్‌కు ఎస్ వస్తే ఆశ్చర్యపోవద్దు. చాలాకాలం ఎవరూ వాడకపోవడంతో మన దేశంలో చాలావరకు టైఫి వీటికి మళ్ళీ లొంగుతోంది. కోట్రైమాక్సజోల్ చవక మందు, నోటితో వేసుకునేది. ఎస్ అని ఉంటే డాక్టరు దాన్ని ఎంచుకోవచ్చు.

మోతాదు, రోజులు, కలవనివి

నడుస్తూ, తింటూ, వాంతులు లేని రోగికి సాధారణంగా అజిత్రోమైసిన్. కిలోకు 10 నుంచి 20 మి.గ్రా., పెద్దవాళ్ళకు రోజుకు 500 మి.గ్రా. నుంచి 1 గ్రాము, రోజుకొకసారి, ఏడు రోజులు. మెడికల్ షాపులో 500 మి.గ్రా. మాత్రలు మూడేసి ఉన్న స్ట్రిప్పు చేతిలో పెడతారు. అది గొంతునొప్పి లెక్క, టైఫాయిడ్‌కు చాలదు. రోజుకు గ్రాము చొప్పున ఏడు రోజులకు 14 మాత్రలు కావాలి. జెలుసిల్ లాంటి గ్యాస్ మందుకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. గుండె లయ తప్పే జబ్బున్నవాళ్ళు అజిత్రో మొదలెట్టేముందు ఆ సంగతి చెప్పాలి.

సెఫిక్సిమ్ విషయంలో లెక్క తప్పడం మామూలైపోయింది. టైఫాయిడ్‌కు చెప్పే మోతాదు కిలోకు రోజుకు 15 నుంచి 20 మి.గ్రా. పిల్లలకు అలాగే బరువు చూసి రాస్తారు. అరవై కిలోల మనిషికి మాత్రం ‘200 పొద్దున, 200 సాయంత్రం’ అంటారు. అది కిలోకు ఏడు మి.గ్రా. కూడా లేదు. జ్వరం దిగదు, ‘మందు పనిచేయలేదు’ అంటారు. చీటీలో అలా ఉంటే అడగండి. సెఫిక్సిమ్‌తో ఓఫ్లాక్సాసిన్ కలిపిన మాత్రలు ‘టైఫాయిడ్ మాత్రలు’గా బాగా అమ్ముడవుతాయి. ఓఫ్లాక్సాసిన్‌కు లొంగని చోట ఆ సగం వల్ల దుష్ప్రభావాలు తప్ప ఒరిగేది లేదు.

వాంతులు, తీవ్రమైన నీరసం, మగత ఉంటే ఆసుపత్రిలో సెఫ్ట్రియాక్సోన్. పెద్దవాళ్ళకు రోజుకు 2 గ్రాములు, పిల్లలకు కిలోకు 50 నుంచి 80 మి.గ్రా., మొత్తం 10 నుంచి 14 రోజులు. నరానికి నేరుగా ఇచ్చేటప్పుడు 1 గ్రామును 10 మి.లీ. స్టెరైల్ నీళ్ళలో కలిపి రెండు నుంచి నాలుగు నిమిషాల మీద మెల్లగా ఎక్కించాలి. 2 గ్రాములైతే నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంటలో. ఆర్.ఎల్. (రింగర్ లాక్టేట్ అనే సెలైన్ రకం) సీసా నడుస్తుండగా అదే లైన్‌లో దీన్ని ఇవ్వకూడదు. ఆర్.ఎల్.లోని కాల్షియంతో కలిసి గడ్డకట్టి రేణువులవుతుంది. పెద్దవాళ్ళలో ఆర్.ఎల్. ఆపి, లైన్‌ను సెలైన్‌తో కడిగి, తర్వాత ఇవ్వాలి. పురిటి పిల్లల్లో అయితే ఇంకా ప్రమాదం, ఆ నిర్ణయం పిల్లల డాక్టరుదే.

జ్వరం వెంటనే దిగాలని వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మామూలు టైఫాయిడ్‌కు వద్దు. ఆ పూటకు ఒళ్ళు చల్లబడుతుంది, పేగుకు చిల్లుపడినా నొప్పి బయటపడదు. జ్వరానికి పారాసెటమాల్ చాలు, కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటలకొకసారి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. డెంగ్యూ అయితే ముప్పు, పేగులో పుండున్నా ముప్పే.

ఓపిక పట్టాల్సిన రోజులు

మందు సరైనదే అయినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. రెండో రోజు 103 ఉందని మందు మార్చేయడం వల్లే ఒక్కో రోగి మీద మూడు నాలుగు యాంటీబయాటిక్‌లు సగం సగం పడుతున్నాయి. నోటుబుక్కులో రోజుకు నాలుగుసార్లు, ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు, పారాసెటమాల్ వేసే ముందు జ్వరం చూసి రాయండి. రోజురోజుకూ గరిష్ఠం దిగుతోందా అన్నదే చూడాలి. 104, 103.4, 102.6 అలా పోతుంటే మందు పనిచేస్తున్నట్టే. ఆకలి తిరిగి రావడం ఇంకా మంచి గుర్తు.

లొంగుతుందని తేలిన మందు సరైన మోతాదులో ఏడు రోజులు పడ్డాకా జ్వరం అలాగే ఉంటే మందు మార్చే ముందు వెతకాల్సినవి ఉన్నాయి. క్యాన్యులా పెట్టిన చోట నరం వాచిందా? ఎక్కడైనా చీము పట్టిందా? స్క్రబ్ టైఫస్ కూడా ఉందా?

ఆగకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సిన సందర్భాలు వేరు. ఇవి ఎక్కువగా రెండో వారం చివర, మూడో వారంలో వస్తాయి. కడుపులో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చి పొట్ట గట్టిపడటం. మలం నల్లగా తారులా రావడం, లేదా నెత్తురు పడటం. జ్వరం ఒక్కసారిగా పడిపోయి నాడి మాత్రం పెరగడం. మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం. చిన్నపేగు చివర పుండుపడి చిల్లుపడితే ఆపరేషనే దారి, గంటలు లెక్క.

పథ్యం పేరుతో మూడు వారాలు బ్రెడ్డూ బార్లీ నీళ్ళ మీద ఉంచొద్దు. మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగు, గుడ్డు, అరటిపండు పెట్టొచ్చు. ఎంత తినగలిగితే అంత. నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. బాగా తాగించాలి.

పూర్తిగా తగ్గాక రెండు మూడు వారాలకు కొందరికి జ్వరం తిరగబెడుతుంది. పాత చీటీ పట్టుకుని షాపుకెళ్ళొద్దు. మళ్ళీ కల్చర్ తీయించాలి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి 2014 నుంచి హెచ్1 అనే కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలు అన్నది రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి.

ఇంట్లో, వీధిలో

టైఫి మనిషి నుంచి మనిషికే వస్తుంది, మలం కలిసిన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా. రోగి మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వంటింట్లోకి వెళ్ళొద్దు. తాగే నీళ్ళు తెర్లి పొంగేలా ఒక నిమిషం కాచి, కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చాలి.

ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు సరిపోతుంది. చిన్న డబ్బాలో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, మరిన్ని నీళ్ళు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున సున్నం చేరుతుంది, దాన్ని పారబోసి పై తేట నీళ్ళే ట్యాంకులో కలపాలి. గంట తర్వాతే వాడుకోవాలి. పంచాయతీ వాళ్ళ దగ్గర క్లోరోస్కోప్ (నీళ్ళలో క్లోరిన్ కొలిచే చిన్న పరికరం) ఉంటుంది. గంట తర్వాత లీటరుకు 0.5 మి.గ్రా. క్లోరిన్ కనిపించాలి. కనిపించకపోతే ఒకటి, నీళ్ళు మురికిగా ఉండి క్లోరిన్‌ను తినేస్తున్నాయి. రెండోది, సంచి విప్పి నెలల తరబడి తేమలో ఉంచడంతో పౌడర్ బలం పోయింది. ఘాటు వాసన రాని పౌడర్ పనికిరాదు.

టైఫాయిడ్‌కు కాంజుగేట్ టీకా అనే రకం ఉంది, ఆరు నెలల వయసు నుంచి ఒక్క మోతాదు, 0.5 మి.లీ. కండరానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన వాటిలో భారత్ బయోటెక్, బయలాజికల్ ఇ. తయారుచేసేవి రెండూ మన హైదరాబాదువే. 2018లో నవీ ముంబై నగరపాలక సంస్థ, 2019 నవంబరు నుంచి సింధ్‌లో పాకిస్తాన్ ప్రభుత్వం పిల్లలకు వేయించినది భారత్ బయోటెక్ టీకానే. ఇది పారాటైఫి-ఎ నుంచి కాపాడదు, కాబట్టి టీకా పడ్డవాళ్ళకు జ్వరం వచ్చినా కల్చర్ కావాల్సిందే.

తగ్గినవాళ్ళలో నూటికి ఒకరి నుంచి అయిదుగురి దాకా పిత్తాశయంలో టైఫి ఏడాదికి పైగా ఉండిపోతుంది, ముఖ్యంగా రాళ్ళున్నవాళ్ళలో. వాళ్ళకు ఏ బాధా ఉండదు, మలంలో మాత్రం బ్యాక్టీరియా పోతుంటుంది. హాస్టల్లో, హోటల్లో, పెళ్ళి వంటల్లో, మధ్యాహ్న భోజన పథకంలో వండేవాళ్ళకు టైఫాయిడ్ వస్తే, మందు కోర్సు అయిపోయిన తర్వాత వేర్వేరు రోజుల్లో మూడుసార్లు మలం కల్చర్ చేయించి, మూడూ నెగెటివ్ వచ్చాకే గరిటె పట్టనివ్వాలి. మందు ఆపిన మర్నాడే ఇచ్చిన నమూనా చెల్లదు, కనీసం రెండు రోజులు ఆగాలి. మలం నమూనా చెంచాడు చాలు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, మూత్రం కలవకుండా, రెండు గంటల్లో ల్యాబుకు.